ఎడమ చుట్టు

ఈరవ్వ పుంటికూర కట్టను ఎడమచేత్తో అందించింది. గంగుబాయి అందుకోలేదు.

పదకొండేళ్లుగా సోమవారం, శుక్రవారం గంగుబాయి నిజామాబాద్ రైతుబజారుకు వచ్చి, నాలుగో వరుసలో సిమెంటు గద్దె మీద కూర్చునే ఈ ఒక్క మనిషి దగ్గరే ఆకుకూర కొంటోంది. పదకొండేళ్లలో ఇద్దరూ ఒక్క మంచి మాట అనుకున్నది లేదు. ఆకు వాడిందని ఈమె, వాడింది నీ కళ్లేనని ఆమె. అయినా ఈమె ఇంకో గద్దె దగ్గరికి పోలేదు. ఈమె కోసం తడిగుడ్డ కింద తీసిపెట్టిన కట్టలు ఆమె ఇంకొకరికి అమ్మలేదు. నెలనాళ్లుగా ఈరవ్వ కట్టలు కట్టకుండా కూర కుప్ప పోసి, ఎవరిది వాళ్లనే సంచిలో వేసుకోమంది; ఇవాళ మళ్లీ కట్టలు వచ్చాయి, కానీ ఎడమచేత్తో ఇవ్వడం ఇదే మొదలు. కొనేవాళ్లకు అట్లా ఎవరైనా ఇస్తారా?

"చెయ్యి మార్చి ఇయ్యి," అంది గంగుబాయి.

ఈరవ్వ మార్చలేదు. కట్టను గద్దె మీద పడేసింది.

"కూర తింటవా, చెయ్యి తింటవా? ఇష్టముంటె తీస్కో, లేకుంటె జరుగు. ఎనక మంది ఉన్నరు."

ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఉంది. దాని మీద కొంగు కప్పి ఉంది. కూర్చున్న తీరు చూస్తే, అందరూ వచ్చి ఆమె ముందు వంగి తీసుకుపోవాలి అన్నట్టు ఉంది. గంగుబాయికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే కట్టను చేతిలోకి తీసుకుంది. తీసుకున్నాక ఆమె కళ్లు ఆకు మీద నిలవలేదు, కట్టు మీద నిలిచాయి.

నలభై ఏళ్లుగా బీడీలు చుట్టే మనిషి ఆమె. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, మలిచి, కింది కొసన దారం చుట్టి తెంపడం రోజుకు ఎనిమిది వందల సార్లు చేసే పని. తమ గల్లీలో పదిమంది ఆడవాళ్లు చుట్టిన బీడీలు ఒకే చాటలో కలిపి పోసినా, దారం చూసి ఏవి ఎవరివో వేరు చేసి పెట్టగలదు. సవిత దారం వదులు. సవిత అత్తది మరీ బిగువు, ఆకు నలుగుతుంది. ఈ ఒక్క విషయంలో తనను ఎవరూ మోసం చెయ్యలేరని ఆమెకు గట్టి నమ్మకం.

ఈరవ్వ కట్టలు కట్టేది చెరుకాకుతో. పచ్చి ఆకును నిలువుగా చీల్చి, కుడివైపుకు రెండు చుట్లు తిప్పి, కొసను కిందికి దోపుతుంది. ముడి ఉండదు. ఇంట్లో వేలితో లాగితే కట్టు జారి వస్తుంది. ఇవాళ కూడా చెరుకాకే. కానీ చుట్టు ఎడమవైపుకు తిరిగింది. పైగా ముడి పడింది. ముడి కొస నలిగి, ఎవరో పళ్లతో కొరికినట్టు ఉంది. ఇంకో కట్ట తీసి చూసింది. ఇంకోటి. అన్నీ అట్లాగే ఉన్నాయి.

"ఇవి నీ చేతి కట్లు కావు," అంది.

ఈరవ్వ ముఖంలో ఏదో కదిలి, వెంటనే గట్టిపడింది. తన చేనిలో కూరేననీ, తనే కోసిందనీ, తనే కట్టిందనీ చెప్పింది. చెప్పేటప్పుడు గంగుబాయి వైపు కాక వెనక నిలబడ్డవాళ్ల వైపు చూసింది. గంగుబాయికి అది చాలు. తెల్లవారుజామున మండీలో వ్యాపారులు దించే కూర కొనుక్కొచ్చి, రైతుల గద్దెల మీద కూర్చుని తమ చేని కూరంటూ అమ్మేవాళ్ల సంగతి బజారులో అందరికీ తెలుసు. ఈరవ్వ కూడా ఆ దారి పట్టిందన్నమాట.

అయినా ఏడు కట్టలు సంచిలో వేసుకుంది. గల్లీలో ఏడిళ్ల వాళ్లు ఎదురుచూస్తుంటారు. చాట ముందు కూర్చున్న ఆడవాళ్లు లేచి బజారుకు వస్తే ఆ పూట చుట్టే బీడీలు పోతాయి, అందుకని అందరి కూర ఆమే తెచ్చిపెడుతుంది. తెచ్చిన కూరకు పూచీ కూడా ఆమెదే.

ఇంటికి పోయేసరికి సవిత తన గడపలో చాట పెట్టుకుని కూర్చుంది. వరుసకు పెద్దమ్మా అని పిలుస్తుంది గాని, నోరు మెత్తనిది కాదు. కట్ట విప్పబోయి ముడి పడిందని గొణిగింది. తర్వాత అసలు సంగతి తీసింది.

"పెద్దమ్మా, మందు కొట్టని కూరని నీ మీద బరోసా పెడితిమి. పొయిన శుక్రారం కూర తిన్న సంది మా అత్త కడుపు పట్టుకొనే పండుకున్నది. నీకు సూసి తెచ్చుడు శాతగాకపోతె చెప్పు, గల్లీకి బండొస్తది, మేమే కొంటం."

 ఆ రాత్రి గంగుబాయి కట్ట ముడి విప్పలేక కత్తితో కోసింది. కోసిన చెరుకాకు ముక్కను పారేయకుండా గూట్లో పెట్టింది.

ఆదివారం పొద్దున చాట పక్కకు జరిపి కాగితం ముందు కూర్చుంది. బీడీ కట్టల మీది కాగితాలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆమె. రాయడం చదివినంత తేలిక కాదు. నాలుగు వాక్యాలకు మధ్యాహ్నం దాటింది. నాలుగో వరుస ఈరవ్వ రైతు కాదనీ, మండీ కూర తెచ్చి అమ్ముతోందనీ, కట్టు చూస్తే తెలుస్తుందనీ రాసి, కింద పేరు పెట్టింది.

సోమవారం ఆ కాగితం బజారు ఆఫీసరు పరమేశ్వర్ బల్ల మీద పెట్టింది. అతను చదివి, నవ్వు ఆపుకున్నాడు. కట్టు చూసి కూర ఎవరిదో చెప్పేవాళ్లను ఇంతవరకు చూడలేదన్నాడు. ఆమె కదలకుండా నిలబడటంతో ఈరవ్వను పిలిపించాడు. ఈరవ్వ బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె వెనక ఏం గొడవో చూద్దామని పదిమంది గది గడపదాకా వచ్చారు.

పరమేశ్వర్ కాగితం చదివి వినిపించాడు. ఈరవ్వ వింటూ గంగుబాయినే చూసింది. తిట్టలేదు, ఒట్టు పెట్టుకోలేదు. కూర తనదేనని రెండుసార్లు చెప్పి ఊరుకుంది. పరమేశ్వర్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. పోనీలే అవ్వా, ఈసారికి వదిలెయ్ అని గంగుబాయితో అనబోయాడు.

"తను కట్టిందే అయితె ఇప్పుడు కట్టమను సారు," అంది గంగుబాయి. "బుట్టల కూర ఉంది, ఆకు ఉంది. ఒక్కటి కట్టి సూపియ్యమను."

గడప దగ్గర ఒకరిద్దరు అవునన్నారు.  ఈరవ్వ బుట్ట దించి నేల మీద కూర్చుంది. కొంగు కింది నుంచి కుడిచెయ్యి బయటికి తీసింది.

మణికట్టు మీద అడ్డంగా నల్లని గాటు. కుట్లు పడ్డచోట చర్మం ముడుచుకుపోయింది. వేళ్లు సగం వంగి అట్లాగే ఉండిపోయాయి. అవి దేన్నీ పట్టుకునేట్టు లేవు. పుంటికూర పిడికెడు తీసి తొడ మీద పెట్టుకుని, కుడి మోచేత్తో అదిమిపట్టింది. చెరుకాకు ఒక కొస పళ్ల మధ్య బిగించింది. రెండో కొసను ఎడమచేత్తో పట్టి చుట్టింది. చుట్టు ఎడమవైపుకు తిరిగింది. రెండు చుట్లు తిప్పి, తల వంచి పళ్లతో లాగి ముడి వేసింది. మిగిలిన కొసను కొరికి ఉమ్మేసింది. లేచి కట్టను ఆఫీసరు బల్ల మీద పెట్టింది.

గంగుబాయి చూడనక్కర్లేకపోయింది. అదే చుట్టు, అదే కొరుకుడు.

కార్ఖానాలో బీడీలు ఏరే మనిషి ఒకడుంటాడు. ఆడవాళ్లు తెచ్చిన బీడీల్లోంచి చేతినిండా తీసి, ఎందుకో చెప్పకుండా పక్కకు పారేస్తాడు. అడిగితే తలెత్తడు. నలభై ఏళ్లు ఆమె తిట్టుకున్న మనిషి వాడు. గడపలో వాళ్లు ఇప్పుడు తన వైపు చూస్తున్న చూపు ఆమె ఎరిగినదే. ఆడవాళ్లు వాడిని చూసే చూపు అది.

కూర ఆమెదేనని పరమేశ్వర్ తేల్చేశాడు. అక్కడితో అయిపోయేది. కానీ అతను చేతికేమైందని అడిగాడు. నెల కింద చెరుకు కొట్టడానికి కూలికి పోతే పక్క సాలు మనిషి కత్తి తగిలి నరం తెగిందని ఈరవ్వ చెప్పింది. మరి చేను ఎవరు చేస్తున్నారన్నాడు. తనేనంది. అతను బీరువాలోంచి ఒక ఫైలు తీసి, పేజీలు తిప్పి, ఒక కాగితం దగ్గర ఆగాడు. దాన్ని తీసినందుకు తనకే బాధ కలిగినట్టు ముఖం పెట్టాడు. అది ఈరవ్వ బావ కొడుకు వెంకటి పదిహేను రోజుల కింద పెట్టుకున్న అర్జీ. చిన్నమ్మకు చాతకావడం లేదు, చేను నేనే చేస్తున్నాను, బజారు కార్డు నా పేరు మీదికి మార్చండి అని ఉంది. రోజూ కూర వస్తోంది కదా అని అతను దాన్ని పక్కన పెట్టాడు. పదిమంది చూశాక ఇక పెట్టలేడు. చేను చూసి, సాగు ఎవరిదో తేల్చి రాసేదాకా కార్డు తన దగ్గర ఉండాలన్నాడు.

ఈరవ్వ జాకెట్టు లోపలి నుంచి, రైతుగా గద్దె మీద కూర్చోనిచ్చే ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై గుంటల చేనికి, ఊరి వాళ్లలో తనకు, ఆ కార్డే అండ. అది లేకపోతే కూర వెంకటి చేతికి పోవాలి, చేను కూడా ఆ వెనకే పోతుంది. బుట్టలో సగం కూర అమ్మకుండానే ఉంది. బుట్ట ఎత్తుకుని గడప దాటుతూ గంగుబాయి పక్కన ఆగింది.

"కండ్లు మంచిగ పనిచేస్తున్నయి నీకు," అంది.

ఆ రోజు గంగుబాయి కూర లేకుండా ఇల్లు చేరింది. జరిగింది సవితకు చెప్పింది. సవిత దారం కొరుకుతూ, తన అత్త ఆ శుక్రవారం పెళ్లికి పోయి దోసెడు మిర్చి బజ్జీలు తిన్నదట, నిన్ననే చెప్పిందని అంది. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని గంగుబాయి అడిగింది. నువ్వు అడగలేదు కదా పెద్దమ్మా అంది సవిత.

శుక్రవారం నాలుగో వరుసలో గద్దె ఖాళీగా ఉంది. పక్కన ఉల్లిగడ్డలు అమ్మేవాడు తన కుప్పను అప్పుడే సగందాకా జరిపాడు. మనిషి లేచిపోయిన చోటు ఎంత తొందరగా నిండుతుందో గంగుబాయి చాలాసార్లు చూసింది. చూసినా అలవాటు కాలేదు. నేరుగా ఆఫీసు గదికి పోయి, తన కాగితం వాపసు తీసుకుంటానని అడిగింది. పరమేశ్వర్ మంగళవారం చేను చూడటానికి పోతున్నాననీ, అక్కడికి వచ్చి రాసిస్తే ఫైలు మూసేస్తాననీ చెప్పాడు.

మంగళవారం పొద్దున బోధన్ బస్సెక్కింది. బోధన్ నుంచి ఆటో. ముందు చెరుకు ట్రాక్టర్లు దారి నిండా నెమ్మదిగా పోతుంటే ఆటో వాటి వెనకే ఈడ్చుకుంటూ పోయింది. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు మరాఠీలో ఎవరినో తిట్టుకుంటూ ఉన్నారు. ఎవరినైనా సరే, తననే అన్నట్టు ఉంది గంగుబాయికి.

చేను రోడ్డుకు దగ్గరే. మూడు వైపులా చెరుకు, మధ్యలో పదకొండు మడులు. పుంటికూర, మెంతికూర, తోటకూర. ఈరవ్వ ఒక మడిలో మోకాళ్ల మీద కూర్చుని ఎడమచేత్తో కలుపు తీస్తోంది. గట్టు మీద పరమేశ్వర్, అతని పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న వెంకటి నిలబడి ఉన్నారు. ఈ మడులన్నీ తాను మనుషులను పెట్టి చేయించినవేనని వెంకటి చెబుతున్నాడు. చిన్నమ్మ ఊరికే కూర్చోలేక వచ్చి గెలుకుతుంది సార్, మీరు చూస్తున్నరు గదా అన్నాడు. ఈరవ్వ తలెత్తలేదు.

గంగుబాయి సంచిలోంచి తాను రాసుకొచ్చిన కాగితం తీసి ఆఫీసరుకు చూపింది. తన మాట తప్పనీ, వాపసు తీసుకుంటున్నాననీ అందులో ఉంది. వెంకటి ముఖం విప్పారింది. ఇంకేం సార్, ఫైలు మూసేయండి, నా అర్జీ ఒక్కటి చూసి పొండి అన్నాడు.

అప్పుడు ఈరవ్వ లేచింది. మోకాళ్లకు మట్టి, మోచేతికి మట్టి.

"వాపస్ తీస్కుంటె ఊకోను," అంది. "నీ దయ నాకెందుకు? గా కాగితం పోతె నేను పండిస్తున్న అని రాసి ఏడ ఉంటది? రేపు వీడు మల్ల రాస్తడు. నేను పండిస్తలేనని నువ్వు రాసినవ్. ఇప్పుడు సూడు. కండ్లు ఉన్నయి గద, చేనంత సూడు. సూసి, ఏమున్నదో గదే రాయి."

పరమేశ్వర్ గడియారం చూసుకున్నాడు గాని వద్దనలేదు.

గంగుబాయి చెప్పులు గట్టు మీద విడిచి మడుల్లోకి దిగింది. ఈరవ్వ రెండడుగుల వెనకే వచ్చింది. దొంగ వెనక నడిచినట్టు నడిచింది. మొదటి మడిలో గంగుబాయికి ఏమీ తెలియలేదు. పొలం పని ఆమెకు రాదు. రెండో మడిలో వంగి చూసింది. తడి మన్నులో, పీకిన ప్రతి కలుపు మొక్క పక్కనా చిన్న గుంట ఉంది. బొటనవేలంత లోతు. అన్ని గుంటలూ కుడివైపే. చూస్తూ నిలబడింది. తర్వాత ఈరవ్వ మోచేతి మట్టి చూసింది. కూలబడకుండా ఆ మోచెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తో పీకింది. ఒకటి తర్వాత ఒకటి, మడి పొడవునా. మూడో మడిలో అంతే. నాలుగో దాంట్లో అంతే. కాలువల గట్లు కూడా ఒక పక్కకే ఒత్తుకుని ఉన్నాయి. పదకొండు మడుల్లో ఇంకో మనిషి అడుగు లేదు. వెంకటి చెప్పుల అచ్చులు గట్టు మీద ఉన్నాయి, గట్టు దిగలేదు.

ఆమె గట్టెక్కి, ఆఫీసరును చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి మడిలోకి దింపింది. గుంటలు చూపించింది. అతను ఒకటి, రెండు, నాలుగు చూశాడు. షూకు మట్టి అంటింది. ఈరవ్వ మోచెయ్యి వైపు చూశాడు. గంగుబాయి గట్టు మీద కూర్చుని, తన ఫిర్యాదు కాగితం కిందనే, చూసింది చూసినట్టు రాసింది. అక్షరాలు వంకరపోయాయి. ఎవరూ తొందరపెట్టలేదు.

పరమేశ్వర్ బైకు సీటు మీద ఫైలు పెట్టుకుని తన రిపోర్టు రాశాడు. రాస్తుంటే వెంకటి దగ్గరికి పోయి, ఎంతైనా ఒక్క ఇంటివాళ్లం సార్, ఆ సాయం సంగతి కూడా ఒక ముక్క పెట్టండి, అందరికీ మంచిదన్నాడు. అతను తల ఊపి రాయడం ముగించాడు. ఈరవ్వ ఆ కాగితాన్ని గంగుబాయి వైపు చూపించి, చదవమంది. తనకు చదువు రాదు. వెంకటికి వచ్చు, కానీ వాడి నోటితో వినదు. గంగుబాయితో పగ ఉన్నా, ఆమె కాగితం మీద లేనిది చదవదని అనుకుందో ఏమో.

గంగుబాయి వేలు పెట్టుకుని చదివింది. సదరు ఈరవ్వ తన ఇరవై గుంటల భూమిని కుటుంబసభ్యుల సాయంతో సాగు చేస్తున్నట్టు గుర్తించడమైనది.

"ఎవరి సాయం?" అంది ఈరవ్వ.

పరమేశ్వర్ అది మామూలుగా రాసే మాటేనన్నాడు. ఆ మాట ఉంటే ఆ కుటుంబంలో ఎవరైనా గద్దె మీద కూర్చోవచ్చా అని గంగుబాయి అడిగింది. కూర్చోవచ్చని అతను ఒప్పుకున్నాడు.

"కొట్టెయ్యి సారు," అంది ఈరవ్వ.

అతను వెంకటిని చూశాడు, మడులను చూశాడు. ఆ రెండు మాటల మీద గీత గీసి, గీత పక్కన సంతకం పెట్టాడు. జేబులోంచి కార్డు తీసి ఆమెకిచ్చాడు. వెంకటి గట్టు మీద నుంచే, చెయ్యి లేనిదానివి ఎన్ని దినాలు చేస్తావో నేనూ చూస్తాననేసి, బండి తోలుకుని పోయాడు. ఆఫీసరూ పోయాడు.

చేనిలో ఇద్దరే మిగిలారు. గంగుబాయికి దాహంగా ఉంది. మోటారు దగ్గర నీళ్లు పడుతున్నాయి గాని, తాగమని ఈరవ్వ అనలేదు. అడగడానికి గంగుబాయికి నోరు రాలేదు.

"నాలుగింటికి బస్సుంది," అంది ఈరవ్వ. "మల్ల నా గద్దె కాడికి రాకు."

"తప్పని ఒప్పుకున్న గద. పదకొండేండ్లు నీ దగ్గర్నే కొన్న."

"కొన్నవ్. వాడిందా, పుచ్చిందా అని ఆకు ఆకు తిప్పి సూసినవ్. చెయ్యికి ఏమైంది ఈరవ్వా అని ఒక్కసారి అడిగినవా?"

 గంగుబాయి చెప్పులు వేసుకోవడానికి వంగింది. లేచేసరికి ఈరవ్వ మళ్లీ మడిలో మోకాళ్ల మీద ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

శుక్రవారం ఏడిళ్లకు కూర కావాలి. గంగుబాయి సవితను వెంట తీసుకుని బజారుకు వచ్చింది. గేటు దగ్గర ఆగి సంచి ఆమె చేతికిచ్చి, నాలుగో వరుసకు పొమ్మంది. నువ్వెందుకు రావని సవిత అడిగితే కాళ్లు నొస్తున్నాయంది. మనుషుల మధ్య నుంచి ఆ గద్దె కనిపించదని తెలిసి కూడా అటే చూస్తూ నిలబడింది.

సవిత కాసేపటికి సంచి ఊపుకుంటూ వచ్చింది. ముఖంలో నవ్వు, కోపం రెండూ ఉన్నాయి.

"గసొంటి మనిషిని నేనెక్కడ సూడలే పెద్దమ్మా. ఏడు కట్టలు ఇచ్చింది. కొత్తగొచ్చినవ్, తీస్కో అని కొసరుకు మెంతికూర సంచిల ఏసింది. ఏ గల్లీ అన్నది. చెప్పిన. గా గల్లీ నుంచి ఒక ముసలామె వస్తుండె, సచ్చిందా ఉన్నదా అన్నది. ఉన్నది, గేటు కాడ నిలవడ్డది అన్న. సంచిల చెయ్యి పెట్టి మెంతికూర మల్ల తీసేస్కున్నది."

గంగుబాయి సంచి అందుకుంది. తెరిచి చూసింది. సరిగ్గా ఏడు కట్టలు ఉన్నాయి. ఏ కట్టా చిన్నది కాదు, ఏ ఆకూ వాడలేదు.

"పోదాం నడువు," అంది. "ఎండ పడితె కూర పాడైతది."